పక్కింటి కేబుల్, మా ఇంటి డిష్

టీవీ సీరియళ్ళ మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. అవి చూసి ఏర్పడినవి కావు, విని ఏర్పడినవి. ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాళ్ళ ఇళ్ళలో టీవీ అంటే వినేదే. కాళ్ళు మగ్గం గుంతలో ఉంటాయి, కళ్ళు గుడ్డ మీద ఉంటాయి, ఖాళీగా ఉండేది చెవి ఒక్కటే. కండెలో నూలు అయిపోయి ఇంకోటి పెట్టుకునేటప్పుడు తలెత్తి ఒక చూపు చూస్తాను. కిందటేడు ఒంటిగంట సీరియల్లో హీరోయిన్‌ను మార్చేసి, పాత గొంతే కొత్త పిల్లకు పెట్టారు. వీధిలో ఆడవాళ్ళంతా గగ్గోలు పెట్టారు. నాకు వారం రోజుల దాకా తెలియనే లేదు.

ఆ ఒక్క చూపులోనే నాకు తెలిసేది చీర. పట్టుచీర అని చెప్పి కట్టిస్తారు, కుచ్చిళ్ళు ఉబ్బి నిలబడే తీరు చూస్తే అది పవర్‌లూమ్ సరుకని నేసేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ చీరతోనే వంట, ఆ చీరతోనే నిద్ర. పోనీలే, చీరలు వాళ్ళిష్టం అనుకుంటాను. నేను క్షమించలేనిది చెంపదెబ్బ. ఒక దెబ్బ కొడితే మూడుసార్లు వినిపిస్తారు. తర్వాత ఉరుము ఉరుముతుంది. తర్వాత ఇంట్లో ఉన్న పదిమంది మొహాలూ ఒక్కొక్కటిగా చూపిస్తారు. అత్త, మామ, తోడికోడలు, పనిమనిషి, ఒక్కరు కూడా కనురెప్ప వెయ్యరు. అంతా అయ్యాక ప్రకటనలు.

నేను దెబ్బలు తిన్న మనిషిని. పద్నాలుగేళ్ళు తిన్నాను కాబట్టి చెప్పగలను. నిజం దెబ్బకు చప్పుడు తక్కువ. వీపు మీద పడితే పరుపు దులిపినట్టుంటుంది. తల మీద పడితే బయటివాళ్ళకు అసలు వినపడదు, లోపల మాత్రం సాయంత్రం దాకా మోగుతూనే ఉంటుంది. పడుగులో నాలుగు పోగులు తెగాయని మా ఆయన ఒకసారి పట్టపగలు నన్ను జుట్టు పట్టుకుని గుంతలోంచి బయటికి లాగాడు. నెల రోజులు నా కుడి పక్కటెముక ఊపిరి తీసినప్పుడల్లా గుచ్చుకుంది. మగ్గాల వీధిలో ఎవరి మగ్గం ఆగినా చుట్టుపక్కల అందరికీ తెలుస్తుంది. నాది ఆగిందని ఆ రోజు అందరికీ తెలిసింది. ఇరవై మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, ఒక్కటీ ఆగలేదు. మా ఆయన పోయి ఏడేళ్ళయింది. ఆయన మీద కోపం ఎప్పుడో చల్లారింది కానీ ఆ మగ్గాల మీద కోపం ఇంకా ఉంది. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు పోతాను, భోజనం చేసి వస్తాను, మనసులో తిట్టుకుంటూనే ఉంటాను.

సీరియల్ రాసేవాళ్ళు నాకు దొరికితే గుంతలో కూర్చోబెట్టి అడగాలని ఉంటుంది. మొగుడు మెడ పట్టి వానలోకి గెంటుతాడు, ఇది తడిసిన చీరతో గుడికి పోయి వాడి పేరున అర్చన చేయిస్తుంది. విషం కలిపిన పాలు పెడతారు, గ్లాసు చెయ్యి జారి పడిపోతుంది. ఓర్చుకో, ఓర్చుకో, ఎనిమిది వందల రోజులు ఓర్చుకుంటే చివరికి వాడే కాళ్ళ మీద పడతాడు. ఎవడు పడ్డాడమ్మా? మా ఆయన చివరి రోజుల్లో కూడా మంచంలోంచి చెయ్యెత్తాడు. ఎత్తలేక దింపాడు, అంతే తేడా.

పోటీల కార్యక్రమాలు నాకు కొంత నయమనిపిస్తాయి. అన్నీ కాదు. డాన్సు పోటీలో జడ్జీలు ఏడవడం చూస్తే ఒళ్ళు మండుతుంది. పిల్ల కాలు బెణికి ఆడుతుంటే వీళ్ళు కళ్ళు తుడుచుకుని ఇంకోసారి ఆడమంటారు. ఇంకోటి ఉంది, ఒక ఇంట్లో కొంతమందిని వేసి తలుపులు మూసి కెమెరాలు పెడతారు. వారం వారం ఒకరిని బయటికి పంపుతారు. ఆ ఇంట్లో అరుపులు, తిట్లు, గిన్నెలు పగలడాలు. దాన్ని బూతు అంటారు చాలామంది. నాకు అందులో నచ్చిన ముక్క ఒకటుంది. ఎవరినైనా నామినేట్ చెయ్యాలంటే అందరి ముందూ నిలబడి, వాళ్ళ కళ్ళలోకి చూసి, కారణం చెప్పాలి. కారణం లేకుండా కుదరదు. మన వీధుల్లో ఎవరైనా ఎవరి మొహం మీదనైనా అట్లా చెప్పగా నేను వినలేదు.

ఆ కార్యక్రమానికి ఎదురింటి అవ్వ సాయంత్రం మా ఇంటికొస్తుంది. అవ్వకు డెబ్భై దాటాయి, ఇప్పటికీ మగ్గం దిగలేదు. మనవడు కొనిచ్చిన ఫోనులో రోజూ ఓటేస్తుంది. కిందటి సీజన్‌లో ఒక దుర్మార్గుడుండేవాడు, ఆడపిల్లల మీదికి చెయ్యెత్తుకుంటూ పోయేవాడు. అవ్వకు వాడంటే పళ్ళు కొరుకుడే.

"మే, వీన్ని ఎల్లగొట్టల్లని దినామూ ఓటేస్తాండా. ఇంకా ఆడనే సచ్చినాడే!" అంది ఒకరోజు.

నాకు నవ్వాగలేదు. "అవ్వా, ఓటు ఎల్లగొట్టేదానికి కాదు, కాపాడేదానికి. నువ్వేసిన ఓట్లతోనే వాడు ఆడ ఉండాడు."

అవ్వ ఫోను ఒళ్ళో పడేసి నన్ను ఎగాదిగా చూసింది. "చెడ్డోన్ని తరిమేదానికి గదా ఓటు! కాపాడేదానికి ఓటేందే, పనీపాటా లేకనా?"

వీధంతా ఆ మాట చెప్పుకుని నవ్వాం. అవ్వను ఆటపట్టించడానికి ఆ దుర్మార్గుణ్ణి 'అవ్వ కాపాడినోడు' అని పిలిచేవాళ్ళం.

ఆ రోజుల్లోనే మా పక్కింట్లోకి కొత్త జంట అద్దెకొచ్చింది. వాడు నందవరం రోడ్డులో ఆటో తిప్పుతాడు. ఆ పిల్లకు ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. ఆ పిల్లది ఆదోని పక్క పల్లె, వాళ్ళమ్మ ఆదోనిలో పత్తి మిల్లులో పని చేస్తుంది. ఆదివారం పూట తెల్లచీర కట్టుకుని చర్చికి పోతూ నా కిటికీ దగ్గర ఆగి, "అక్కా, పోయొస్తా" అని చెప్పేది. చెప్పకుండా ఒక్క ఆదివారం కూడా పోలేదు.

ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకే గోడ. ఒంటిగంటకు ఆ పిల్ల పెట్టేది కూడా నేను పెట్టే సీరియలే. వాళ్ళది కేబుల్, మాది డిష్. ఎందుకో ఏమో, మాటలు వాళ్ళింట్లో ముందొస్తాయి, మా ఇంట్లో కాస్త ఆలస్యంగా వస్తాయి. పేక నూలు మోసే నా నాడె పడుగు మధ్య ఇటునుంచి అటు పోయి మళ్ళీ ఇటు వచ్చేంత సేపు, అంతే. అత్త "ఆగు!" అని గోడలో అరుస్తుంది, నాడె పోయి వచ్చేసరికి నా టీవీలో అరుస్తుంది. మొదట్లో చిరాకేసింది, తర్వాత అలవాటైంది. గోడలో చెంపదెబ్బ వినగానే ఇప్పుడు మనకూ పడుతుందిలే అనుకునేదాన్ని. పడేది.

ఒకరోజు గోడలో దెబ్బ పడింది. నాడె పోయి వచ్చింది. నా టీవీలో పడలేదు. హీరోయిన్ దేవుడి ముందు దీపం వెలిగిస్తోంది. ఇంకో రెండుసార్లు నాడె పోయి వచ్చింది, దీపమే వెలుగుతోంది. వాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చాడని బయట ఆటో చూసి నాకు తెలుసు.

మర్నాడు ఆ పిల్ల కుళాయి దగ్గర కనపడింది. ఎడమ కన్ను కింద నల్లగా కమిలి ఉంది.

"మొగమేందే అట్లుండాది?" అన్నాను.

"పొయ్యిలోకని పత్తికట్టె ఇరిసినా అక్కా, ఎగిరొచ్చి తగిలినాది."

"నిన్న మద్దేనం మీ ఇంట్లో ఏందో సప్పుడాయ?"

ఆ పిల్ల బిందె ఎత్తుకుంటూ, "సీరియల్లో కొడతాండ్రి గదక్కా" అంది.

నేను తలూపాను. ఇక్కడ అబద్ధం చెప్పుకుని నాకు ఒరిగేదేమీ లేదు. నాకు తెలిసింది. ఆ దెబ్బ నా టీవీకి రాలేదని తెలిసి కూడా, నిజమేలే అని తలూపి వచ్చి గుంతలో దిగాను. తర్వాత మూడు వారాల్లో నా టీవీకి రాని దెబ్బలు చాలా విన్నాను. లెక్క పెట్టకూడదనుకున్నాను. చివరికి ఏం చేశానంటే, ఒంటిగంట కాగానే మా టీవీ సౌండు పెంచడం మొదలుపెట్టాను. రోజుకింత. సీరియల్లో హీరోయిన్‌ను గెంటుతుంటే నా కళ్ళవెంట నీళ్ళు కారాయి కూడా. గోడకు అటువైపు ఏడుస్తున్న పిల్లకు నా హీరోయిన్ ఏడుపు వినిపించేంత సౌండు పెట్టి నేను ఏడ్చాను. తలచుకుంటే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

మూడో వారం శుక్రవారం గోడలో మొదటి దెబ్బతోబాటు ఏదో ఇత్తడి సామాను దొర్లింది. చేతికందిన రిమోట్ నొక్కాను. సౌండు గీత కదలలేదు. ముందురోజే చివరిదాకా పెంచేసి ఉన్నాను, ఇంక పెరగడానికి లేదు. అప్పుడే ప్రకటనలు మొదలయ్యాయి. ముందు వాళ్ళింట్లో తలనూనె పాట, నాడె పోయి వచ్చేంతలో మా ఇంట్లో తలనూనె పాట. ఆ పాటలో దెబ్బలు ఆగలేదు. ఒకటి, ఇంకొకటి, గోడకు తల తగిలినట్టు ఇంకొకటి. నా గోడకున్న సున్నం పెళ్ళ ఒకటి రాలి గుడ్డ మీద పడింది. "అమ్మా" అని సగం వినిపించి, తక్కిన సగం వినపడలేదు.

నా చెయ్యి ఆగిపోయింది. గుంతలోంచి లేచాను. పక్కన ఇంకో నాడె పడి ఉంది, దాన్ని చేతిలోకి తీసుకున్నాను. నాడె అంటే చూడనివాళ్ళు చిన్నదనుకుంటారు. జానెడు పైన గట్టి కొయ్య, రెండు కొనలకూ ఇనుప ములుకులుంటాయి.

ముందు తలుపు గడియ పెట్టి ఉంది. వెనక తడిక తోసుకుని పోయాను. ఇంట్లో సంగటి ముద్ద నేల మీద పడి ఉంది, దాని మీద పప్పు, పప్పు మీద నెత్తురు. వాడు ఆ పిల్లను టీవీ బల్లకు అదిమి, జుట్టు ఒక చేత పట్టుకుని, ఇంకో చేత్తో ఎడమ చెవి మీద కొడుతున్నాడు. ఒకే చోట కొడుతున్నాడు. పైన టీవీలో ఎవరో సబ్బుతో మొహం కడుక్కుంటోంది.

నన్ను చూసి కూడా వాడు చెయ్యి ఆపలేదు. "సీరియల్ సూస్తా తలుపు తీల్యాదక్కా," అన్నాడు, నేను న్యాయం చెప్పడానికి వచ్చినట్టు. "ఎంతసేపని కొట్టల్ల తలుపు?"

నాడెతో వాడి మణికట్టు మీద కొట్టాను. ఎండు కంది పుల్ల విరిచినట్టు చప్పుడైంది. ఒక్కసారే అయింది, మూడుసార్లు కాదు. వాడు అరిచి, రెండో చేత్తో నా గొంతు పట్టి గోడకేసి కొట్టాడు. నా తల మీద గిన్నెల అర ఊడిపడింది. కళ్ళు బైర్లు కమ్మాయి. మా ఆయన చెయ్యి కూడా ఇట్లాగే ఉండేది, వేళ్ళు చెవుల కింది దాకా వచ్చేవి. ఇక నేను చచ్చానే అనుకున్నాను. అంతలో వాడు కెవ్వుమన్నాడు. ఎదురింటి అవ్వ నా వెనకే తడికలోంచి వచ్చింది, సంగటి కెలికే కట్టె పొయ్యి మీద నుంచి తీసింది తీసినట్టు పట్టుకొచ్చి, ఆ వేడి ముద్దతోనే వాడి మెడ మీద వేసింది.

వాడు కింద పడ్డాడు. పడ్డవాణ్ణి కొట్టకూడదంటారు. నేను కొట్టాను. భుజం మీద, మోకాలి మీద, మళ్ళీ భుజం మీద. వాడు చేతులు అడ్డం పెట్టుకున్నాక కూడా కొట్టాను. సంతోషంగా ఉండింది, దాచడానికేముంది. వాడి మొహం కనపడలేదు, నా మొగుడి మొహమే కనపడింది. అవ్వ నా నడుం పట్టి వెనక్కి లాగకపోతే వాణ్ణి చంపేదాన్నే. నా చేతిలో నాడె ములుకు వంగిపోయింది.

అప్పుడు ఏదో తేడాగా అనిపించింది. చెవులు దిమ్మెక్కాయేమో అనుకున్నాను. కాదు, వీధిలో మగ్గాల చప్పుడు లేదు. ముందు నాది ఆగింది, తర్వాత అవ్వది ఆగింది, తర్వాత ఒక్కొక్కటీ ఆగిపోయాయి. తలుపు గడియ తీసేసరికి వీధిలో ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు, చేతుల్లో నూలు పోగులతోనే.

అవ్వ గడప మీద నిలబడింది. వాణ్ణి కట్టెతో చూపించింది. "వీన్ని నేను నామినేట్ చేస్తాండా," అంది. ఎవరూ నవ్వలేదు. "కారణం సెప్తా ఇనుకోండి. ఇరవై దినాలాయ, ఈ సప్పుడు నేనూ ఇంటాండా. మీరూ ఇంటాండారు. నోరు మూసుకోని వీన్ని ఈడ పెట్టుకోని ఉండాం. నేను ఫోన్లో ఏసిన ఓటు మాదిరే."

నలుగురైదుగురు తల వంచుకున్నారు. ఒకామె మాత్రం ముందుకొచ్చి, "నేను గూడా ఇన్నాను," అంది. ఇంకొకామె, "నేను గూడా" అంది. కారణం ఇంకెవరూ చెప్పలేదు. వాడు మణికట్టు పట్టుకుని ఆటో దగ్గరికి పోయాడు, ఒంటిచేత్తో తోలుకుని నందవరం వైపు వెళ్ళిపోయాడు.

ఆ పిల్లను నేను ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాను. బస్సులో మంత్రాలయం నుంచి వచ్చే జనం నిండి ఉన్నారు, ఒకాయన లేచి మాకు సీటిచ్చాడు. చెవికి అడ్డం పెట్టిన తువ్వాలు తడిసిపోయింది. నేను ఆ పిల్లకు ఎడమ పక్కన కూర్చున్నాను. సగం దారిలో ఆ పిల్ల ముందుకు చూస్తూనే అడిగింది.

"అక్కా, నీకు ముందు ఎన్నడూ ఇనపడల్యాదా?"

"ఇనపడినాది," అన్నాను. "మొదటి దినం నుంచి ఇనపడినాది."

ఆ పిల్ల నా వైపు తిరిగి నా నోరు చూసింది. "ఏమంటాండావక్కా? ఈ పక్క ఇనపడల్యా."

"ఏంల్యా. పండుకో," అన్నాను గట్టిగా.

చెవిలో పొర చినిగిపోయిందని, లోపల కూడా దెబ్బ తగిలిందని డాక్టరు చెప్పాడు. ఎడమ చెవి ఇక రాదన్నాడు. కుడి చెవి కూడా సగమేనన్నాడు, అది పాత దెబ్బలవల్ల. పాత దెబ్బలు అన్నప్పుడు నేను నేల చూశాను. స్టేషన్లో కాగితం రాయించాం. తన చెయ్యి విరిగిన సంగతి వాడు ఎక్కడా చెప్పలేదు, ఆడవాళ్ళు కొట్టారని చెప్పుకోవడానికి సిగ్గేమో. ఇప్పుడు వాడు తన తల్లి దగ్గర, వాళ్ళ ఊళ్ళో ఉంటున్నాడట.

ఆ పిల్ల పక్కింట్లోనే ఉంది. పొద్దున నా దగ్గర కండెలు చుట్టడం నేర్చుకుంటోంది, చెయ్యి తిరిగింది. మధ్యాహ్నం వాళ్ళింటికి పోయి సీరియల్ పెట్టుకుంటుంది. ఆ హీరోయిన్ ఇంకా ఓర్చుకుంటూనే ఉంది, నా అభిప్రాయం కూడా మారలేదు. బస్సులో చెప్పిన మాట ఆ పిల్లకు కుడి పక్కన కూర్చుని మళ్ళీ చెప్పాలి. ఇంకా చెప్పలేదు. కండెలు చుట్టేటప్పుడు ప్రతిసారీ ఎడమ పక్కనే కూర్చుంటున్నాను.

ఆ పిల్లకు సరిగ్గా వినపడదు కాబట్టి ఇప్పుడు వాళ్ళ టీవీ సౌండు చివరిదాకా ఉంటుంది. నాది తగ్గించేశాను. ఒంటిగంట దాటాక గోడలో చెంపదెబ్బ ఠపీమని పడుతుంది. నాకు తెలుసు, ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే ఉంది, తలుపు తీసే ఉంది. అయినా నా చెయ్యి ఆగిపోతుంది, నాడె అంచు దగ్గరే నిలిచిపోతుంది. పోయి వచ్చేంత సేపు చెవి పెట్టుకుని కూర్చుంటాను. నా టీవీలో కూడా ఆ దెబ్బ పడ్డాకే మళ్ళీ నేస్తాను.